సొంతంగా అల్లుకున్న సైన్స్ ఫిక్షన్ విశ్వంలోకి ప్లేయర్లను ఎలా రప్పించాలి?

వలయవాసి

అందరికీ నమస్కారం. నేను ఆర్పీజీల్లో, అంటే పాత్రలు ఎంచుకుని కలిసి కథ అల్లుతూ ఆడే ఆటల్లో, గేమ్ మాస్టర్‌ని; కథని, లోకాన్ని నడిపే మనిషిని. చాలాకాలంగా ఒక సైన్స్ ఫిక్షన్ విశ్వం రాసుకుంటున్నాను, పేరు ‘దీర్ఘయానం’. పదకొండు లోకాలు, వాటి మధ్య తిరిగే ఓడలు, ఆరు వందల ఏళ్ల చరిత్ర, ఒక పెద్ద యుద్ధం, దాని తర్వాత పుట్టిన ఒక మతం, మూడు వర్తక సంఘాలు. రూల్స్ కూడా నేనే రాశాను. అన్నీ కలిపి ఎనభై పేజీలు దాటింది.

ప్లేయర్లు కావాలని పిలుపు పెట్టాను. చదివినవాళ్లు ‘చాలా బాగుందండీ’ అంటున్నారు గానీ ఆడటానికి ఒక్కరూ ముందుకు రావడం లేదు. అదే చోట ఎవరో కత్తులు, మంత్రాలు, డ్రాగన్ అని రెండు వాక్యాలు రాస్తే సాయంత్రానికల్లా సీట్లు నిండిపోతున్నాయి. వాళ్ల మీద అసూయతో అంటున్న మాట కాదు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఎవరికీ తెలియని విశ్వంలోకి మనుషుల్ని ఎలా పిలవాలి?

నా పిలుపు ఇలా మొదలవుతుంది:

> తొలి వలస నౌకలు బయల్దేరిన 212వ ఏట కేతన సంఘానికీ ఉత్తర కూటమికీ మధ్య కుదిరిన మూడో ఒప్పందం చెదిరిపోయింది. దాంతో పదకొండు లోకాల రాజకీయ సమతౌల్యం తలకిందులైంది. ఈ నేపథ్యంలో మీరు మీ భవితవ్యాన్ని నిర్ణయించుకోవాలి...

పాచికలపెట్టె

వలయవాసి గారూ, పిలుపు మొత్తం చదివాను. చదివాక ఒకటే ప్రశ్న మిగిలింది: నేను వస్తే మొదటి రోజు ఏం చేస్తాను?

డ్రాగన్ ఆట ఎందుకు నిండుతుందంటే దానికి జవాబు ముందే అందరికీ తెలుసు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట వచ్చిన నాటి నుంచి ఆ బొమ్మ మారలేదు. గుహలోకి దిగుతాం, రాక్షసుల్ని ఎదుర్కొంటాం, నిధి తెచ్చుకుంటాం. కొత్తవాడు కూడా ‘నేను విలుకాడిని’ అని చెప్పి కూర్చోగలడు. మీ విశ్వంలో నేను ఎవరిని? ఓడ నడిపేవాడినా, సంఘం గూఢచారినా, మతగురువునా? ఏదైనా కావచ్చు అని మీరు అంటారేమో. ఆ మాట వింటే నాలాంటి ప్లేయర్‌కి చేతులు కట్టేసినట్టుంటుంది.

మూడోకక్ష్య

చరిత్ర తెలిసినవాళ్ల కోసం ఒక మాట. 1976లో వచ్చిన మెటమార్ఫసిస్ ఆల్ఫా తొలి సైన్స్ ఫిక్షన్ ఆర్పీజీల్లో ఒకటి. దాని సంగతి ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు: తరతరాలుగా ప్రయాణిస్తున్న బ్రహ్మాండమైన ఓడలో మీరు బతుకుతున్నారు, కానీ అది ఓడ అని మీవాళ్లు మర్చిపోయారు. అంతే. లోపల ఎన్ని అంతస్తులు, ఏయే జంతువులు అన్నది తర్వాతి మాట. ఆ వాక్యం వినగానే ‘ఆ తలుపు అవతల ఏముంది?’ అని అడగాలనిపిస్తుంది.

మరుసటి ఏడు 1977లో ట్రావెలర్ వచ్చింది, మూడు చిన్న పుస్తకాలుగా. అందులో తయారుగా ఉన్న విశ్వమే లేదు. లోకాలను డైస్ వేసి పుట్టించుకునే పద్ధతి ఉంది, క్యారెక్టర్‌కి వెనకటి ఉద్యోగ జీవితాన్ని డైస్‌తో తేల్చే పద్ధతి ఉంది. ఆ లెక్కల్లో క్యారెక్టర్ ఆట మొదలవ్వకముందే చచ్చిపోవచ్చు కూడా! సామ్రాజ్యం, దాని సరిహద్దులు, రాజవంశాలు అన్నీ తర్వాతి పుస్తకాల్లో పెరిగాయి. జనం ముందు ఆడారు, చరిత్ర తర్వాత చదివారు.

నీలినీడ

నాది కాస్త భిన్నమైన అభిప్రాయం. నేను చదివే రకం ప్లేయర్‌ని. ఎనభై పేజీలంటే నాకు పండగే. లోర్, అంటే విశ్వం వెనకటి చరిత్ర, రాయడమే తప్పన్నట్టు ప్రతిచోటా మాట్లాడుతున్నారు, అది సరైంది కాదు. లోతున్న విశ్వంలో ఆడుతుంటే ఆ తేడా తెలుస్తుంది. దారిన పోయే దుకాణదారుడు కూడా ఎక్కడో పుట్టి పెరిగినవాడిలా మాట్లాడతాడు. ఆ పట్టు అప్పటికప్పుడు అల్లేవాళ్లకి అంత తేలిగ్గా రాదు.

వలయవాసి గారూ, ఆ ఎనభై పేజీలు ఇక్కడ పెట్టగలరా? చదువుతాను.

వలయవాసి

నీలినీడ గారూ, చాలా సంతోషం. లింకు ఇచ్చాను, చూడండి.

పాచికలపెట్టె గారూ, మీ ప్రశ్న దగ్గరే ఆగి ఆలోచిస్తున్నాను. స్వేచ్ఛ ఇవ్వడమే ప్లేయర్‌కి మర్యాద అని నా ఉద్దేశం. ఓడ కెప్టెన్ మీరే, వంటమనిషి మీరే అని నేనే అంటగడితే వాళ్ల ఊహకి చోటెక్కడ?

తెరవెనక

ఇరవై ఏళ్లకు పైగా టేబుల్ నడుపుతున్నాను, అంటే ఆటలు ఆడిస్తున్నాను, ఎక్కువ భాగం సొంత విశ్వాలే. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ప్లేయర్ మీ విశ్వంలోకి రావాలంటే రెండు కావాలి. కూర్చోవడానికి ఒక చోటు, ఆ రాత్రికి ఒక చిక్కు. చోటు అంటే ‘ఈ పని నాది, నేను లేకపోతే ఆగిపోతుంది’ అనిపించేది. చిక్కు అంటే తేల్చకపోతే కుదరని సమస్య. ఈ రెండూ ఉంటే ఆరు వందల ఏళ్ల చరిత్ర వెనక నిలబడి బలం ఇస్తుంది. అవి లేకుండా చరిత్ర ముందుకొస్తే, పెళ్లికి పిలిచి గుమ్మంలోనే వంశవృక్షం వినిపించినట్టుంటుంది.

స్వేచ్ఛ గురించి మీరన్నది నిజమే. కాకపోతే అది మొదటి గంటలో అక్కరకు రాదు. ‘ఏం చేస్తారు?’ అని అడిగితే కొత్త ప్లేయర్ నోరు మెదపడు. ‘గాలి ఇంకో నాలుగు గంటలే ఉంది, రేవు తలుపు తెరవనంటున్నారు, ఏం చేస్తారు?’ అని అడగండి, నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. నేను చూసిన టేబుళ్లన్నిటిలో జరిగింది ఇదే. స్వేచ్ఛ కావాలని వాళ్లే అడిగే రోజు మూడో సెషన్‌లోనో నాలుగో సెషన్‌లోనో వస్తుంది. అప్పుడు పటం మొత్తం పరిచి చూపించండి.

ఇంకో సంగతి. కొత్త విశ్వం, కొత్త రూల్స్ రెండూ ఒకేసారి పెట్టారు. ప్లేయర్‌కి అది రెండింతల బరువు. విశ్వం మీది ఉంచుకోండి, రూల్స్ మాత్రం జనానికి తెలిసినవో పది నిమిషాల్లో వచ్చేవో తీసుకోండి. ఒక పేజీలో ముగిసే లేజర్స్ అండ్ ఫీలింగ్స్ ఉంది. ఒక్కో క్యారెక్టర్‌కి 2 నుంచి 5 లోపు ఒకే అంకె, అంతే. యంత్రాలతో, తర్కంతో పని పడితే డైస్ మీద ఆ అంకె కన్నా తక్కువ పడాలి. మనుషులతో, ఆవేశంతో పని పడితే ఎక్కువ పడాలి. ఒక రాత్రి ఆటకి అది చాలు. సుదీర్ఘంగా నడపాలనుకుంటే స్టార్స్ వితౌట్ నంబర్ చూడండి, 2010లో వచ్చింది, ఉచితంగా దొరికే ప్రతి కూడా ఉంది. అందులో ప్రతి లోకానికీ దాని తీరు చెప్పే రెండు గుర్తులు వేసి, ఆ రెంటి రాపిడి నుంచి కథ పుట్టించే పద్ధతి ఉంది. మీ పదకొండు లోకాలను ఆ జల్లెడలో ఒకసారి పోసి చూడండి. ఏ లోకంలో చిక్కు ఉందో, ఏ లోకంలో వర్ణన మాత్రమే ఉందో తేలిపోతుంది.

మీ సొంత రూల్స్ పారేయమనడం లేదు. మీ విశ్వాన్ని ప్రేమించే నలుగురు దొరికాక వాళ్లే అడుగుతారు, ‘దీనికి మీ దగ్గర వేరే రూల్ ఉందన్నారుగా, అది చూపించండి’ అని.

పాచికలపెట్టె

రూల్స్ మాట వెయ్యి శాతం నిజం. తెలియని రూల్స్ అంటే నేనైతే పక్కకి జరుగుతాను, విశ్వం ఎంత బాగున్నా సరే.

కొత్తగావచ్చా

నేను ఇంతవరకు ఆర్పీజీ ఆడలేదు. వీడియోల్లో చూశాను అంతే. సైన్స్ ఫిక్షన్ ఆట అంటే సైన్స్ బాగా తెలిసుండాలేమో అని భయం. డ్రాగన్ ఆటలో తప్పు మాట్లాడినా ‘అది మంత్రం’ అనేస్తారు. ఇక్కడ ఎవరైనా ‘శూన్యంలో అలా జరగదు’ అని ఆపుతారేమో అనిపిస్తుంది. ఇలాంటి పిలుపులు చూసి నేను వెనక్కి తగ్గడానికి కారణం అదే.

తెరవెనక

కొత్తగావచ్చా గారూ, ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మాటల్లో ఎక్కువ పనికొచ్చేది మీదే. వలయవాసి గారూ, పిలుపులో ఒక వాక్యం చేర్చండి: సైన్స్ సంగతి నేను చూసుకుంటాను, మీకు మనుషుల సంగతి తెలిస్తే చాలు.

నీలినీడ

ఎనభై పేజీలూ చదివేశాను. వలయవాసి గారూ, ఇది రాయక తప్పదు. నలభై ఒకటో పేజీలో, ఓడల వేగం గురించిన పట్టిక కింద, మీరు ఒక వాక్యం రాసి వదిలేశారు:

> ప్రతి ప్రయాణానికీ రేవులో దాదాపు పన్నెండేళ్లు గడుస్తాయి. ఓడవాళ్లకి అయిదేళ్లే, అందులోనూ ఎక్కువ భాగం నిద్రలోనే.

అయ్యా! మీ విశ్వం అంటే ఇదే కదా! వర్తక సంఘాలు, ఒప్పందాలు ఎవరి విశ్వంలోనైనా ఉంటాయి. ఓడ దిగిన ప్రతిసారీ మనకి తెలిసినవాళ్లు పన్నెండేళ్లు పెద్దవాళ్లైపోయి ఉంటారు. పాపగా వదిలిన కూతురు వచ్చేసరికి పెళ్లీడుకొస్తుంది. బాకీ పడ్డవాడు చనిపోయి ఉంటాడు, వాడి కొడుకు మనల్ని గుర్తుపట్టడు. ఇది చదివి కాసేపు ఇంకేమీ చదవలేకపోయాను. మీరు దీన్ని పట్టిక కింద పెట్టారు.

మూడోకక్ష్య

లెక్క సరిచూశాను, బాగానే ఉంది. లోకాల మధ్య దూరం సుమారు 10 కాంతి సంవత్సరాలు అనుకుందాం. భూమి మీద మనకి అలవాటైన గురుత్వానికి సమానంగా, సగం దూరం వేగం పెంచుకుంటూ మిగతా సగం తగ్గించుకుంటూ వెళ్తే, బయట దాదాపు 12 ఏళ్లు, ఓడలో 5 ఏళ్లకి కాస్త తక్కువ. ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సాపేక్ష సిద్ధాంతం నుంచే వస్తుంది ఇదంతా. పైగా ఆ త్వరణం వల్ల ఓడలో అందరూ నేల మీద ఉన్నట్టే నడవగలరు, కృత్రిమ గురుత్వం కోసం వేరే కథ అల్లే పని లేదు. అంత ఇంధనం ఎక్కణ్ణుంచి వస్తుందన్నది పెద్ద ప్రశ్నే, అది ఆటకి అడ్డు రాదు.

ట్రావెలర్‌లోనూ వార్త ఓడతోనే ప్రయాణిస్తుంది, కానీ అక్కడ ఓడ ఒక లోకం నుంచి ఇంకో లోకానికి వేసే ఒక గెంతుకి వారం పడుతుంది. ఇక్కడ వార్త చేరేసరికి ఒక తరం మారుతుంది. ఆట రుచే వేరు.

తెరవెనక

నీలినీడ గారూ, దండం. వజ్రం తవ్వి తీశారు.

మూడోకక్ష్య గారి లెక్క మాత్రం పిలుపులోకి రాకూడదు. అలాంటివి ఇష్టపడే ప్లేయర్‌కి వేరే కాగితం మీద ఇవ్వండి. అది చూసి ఎగిరి గంతేసేవాళ్లు ఉంటారు, వాళ్లూ మనకి కావాలి.

వలయవాసి

అది నాకు ఎంత మామూలు విషయమైపోయిందంటే, కొత్తవాళ్లకి అదే ముందు చెప్పాలని తట్టలేదు. నీలినీడ గారూ, మీరు చదివిన తీరుకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ధన్యవాదాలు.

కొత్త పిలుపు రాశాను. మొహమాటపడకుండా చెప్పండి.

> మీరు ‘ఆనవాలు’ అనే ఓడ సిబ్బంది. ఒక్కో ప్రయాణానికి మీకు అయిదేళ్లు, రేవుల్లో పన్నెండేళ్లు గడుస్తాయి. ఈసారి మీ ఓడలో ఉన్నది ఒక తీర్పు: ఒక వ్యక్తికి మరణశిక్ష. నేరం జరిగింది పాతికేళ్ల కిందట. ఇప్పుడు మీరు దిగిన రేవులో ఆ వ్యక్తి అందరూ ప్రేమించే వైద్యుడు. తీర్పు అందించేవరకు మీ ఓడకి ఇంధనం ఇవ్వరు.
>
> నలుగురికి చోటు ఉంది: ఓడ నడిపేవారు, యంత్రాలు చూసేవారు, తీర్పుని కాపాడే దూత, ఈ రేవులోనే పుట్టి ఓడెక్కి వెళ్లిపోయినవారు.
>
> రూల్స్ ఒక పేజీ. ముందు ఆడి ఉండక్కర్లేదు. సైన్స్ సంగతి నేను చూసుకుంటాను, మీకు మనుషుల సంగతి తెలిస్తే చాలు. ఒకే రాత్రి, మూడు గంటలు. నచ్చితే కొనసాగిద్దాం.

పాచికలపెట్టె

నాలుగో పాత్ర నాది. ఇంకెవరూ అడగొద్దు.

కొత్తగావచ్చా

యంత్రాలు చూసేవారు అంటే నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు. వైద్యుడి కథ చదివాక మాత్రం రావాలనిపిస్తోంది. అతను నిజంగా నేరం చేశాడా?

అక్షరయాత్రి

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. పిలుపు బాగుంది, ఒక్కటే చెప్తాను. మూడు గంటలు వరసగా కూర్చోలేనివాళ్లు చాలామంది ఉన్నారు. చిన్నపిల్లలు ఉన్నవాళ్లు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు, నోటితో మాట్లాడటం కన్నా రాతలో తేలికపడేవాళ్లు. నేను రాతలోనే ఆడతాను, రోజుకి ఒకటో రెండో పోస్టులు. మీ విశ్వం రాతకి మరీ బాగా కుదురుతుంది, ఎందుకంటే అక్కడ మనుషుల మధ్య ఉన్నవి ఉత్తరాలే. ప్రయాణానికి ముందు ఒక ఉత్తరం రాసి పెట్టి, పన్నెండేళ్ల తర్వాత జవాబు అందుకోవడం అనేది టేబుల్ మీద అయిదు నిమిషాల్లో అయిపోతుంది. రాతలో ఆడితే ఆ ఉత్తరం నిజంగానే రాస్తాం, జవాబు కోసం నిజంగానే ఎదురుచూస్తాం.

రాత ఆటలు మధ్యలో చచ్చిపోతాయని అందరూ అంటారు. నిజమే. గేమ్ మాస్టర్ మూడు రోజులు మాయమైతే ఆట పోయినట్టే. అందుకని మొదటే చిన్న గీత గీయండి: ఈ అధ్యాయం ఇక్కడ ముగుస్తుంది, ఆపైన ఉండాలనుకున్నవాళ్లు ఉంటారు అని.

నీలినీడ

అక్షరయాత్రి గారి మాట నాకు బాగా నచ్చింది. రెండూ కలపొచ్చు కదా? రేవులో జరిగేది మాటల్లో ఆడి, ప్రయాణంలో జరిగేది ఉత్తరాల్లో రాయొచ్చు. సెషన్‌కీ సెషన్‌కీ మధ్య రెండు మూడు వారాలు ఖాళీ వచ్చినా అది ప్రయాణ కాలమే అవుతుంది.

తెరవెనక

మధ్యలో వచ్చి వెళ్లేవాళ్లకి కూడా ఈ విశ్వం అనువైనది. ఆటలు తయారుచేసే బెన్ రాబిన్స్ 2007లో వెస్ట్ మార్చెస్ అనే తన క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే ఆట) గురించి రాశారు. అందులో స్థిరమైన జట్టు లేదు, స్థిరమైన వారం లేదు. ఎవరికి వీలైతే వాళ్లు కలిసి, ఎక్కడికి వెళ్లాలో వాళ్లే అనుకుని, గేమ్ మాస్టర్‌కి చెప్పేవాళ్లు. వలయవాసి గారి ఓడలో ప్రతి రేవులోనూ ఒకరు దిగిపోవచ్చు, ఇంకొకరు ఎక్కొచ్చు. దిగిపోయిన ప్లేయర్ ఆర్నెల్ల తర్వాత తిరిగొస్తే ఆ క్యారెక్టర్ ముసలివాడై రేవులో ఎదురుపడతాడు. మామూలు క్యాంపెయిన్లని చంపేసేది ప్లేయర్లు మానేయడం. ఇక్కడ అదే కథకి బలం అవుతుంది. ఈ మాట పిలుపులో పెట్టాల్సిందే.

ఆ ఆరు వందల ఏళ్ల చరిత్ర గురించి కూడా. ఒక వందేళ్లు ఖాళీగా వదిలేయండి, కావాలనే. రాబిన్స్‌దే 2011 నాటి మైక్రోస్కోప్ అనే ఆట ఉంది, గేమ్ మాస్టర్ లేకుండా అందరూ కలిసి ఒక కాలాన్ని కార్డుల మీద రాసుకుంటూ పోతారు, ముందూ వెనకా ఎటైనా దూకొచ్చు. ఆ వందేళ్లని మీ ప్లేయర్లతో ఒక సాయంత్రం అలా రాయించండి. తను పేరు పెట్టిన లోకాన్ని వదిలి వెళ్లే ప్లేయర్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

వలయవాసి

తెరవెనక గారూ, ఇది నాకు కష్టమైన మాట. ఆ చరిత్రలో ప్రతి ముడీ ఇంకో ముడికి కట్టి ఉంది. ఒకరు వచ్చి ‘ఈ యుద్ధం అసలు జరగనే లేదు’ అంటే కింద ఉన్నదంతా కూలిపోతుంది.

మూడోకక్ష్య

దానికి దారి మీ లెక్కలోనే ఉంది. పన్నెండేళ్ల ఆలస్యంతో వార్తలు చేరే చోట ఏ రెండు లోకాల చరిత్రా ఒకేలా ఉండదు. మీరు రాసింది ఒక లోకపు పుస్తకాల్లో ఉన్న చరిత్ర. ప్లేయర్లు రాసేది ఇంకో లోకం చెప్పుకునే చరిత్ర. రెండూ పొసగని చోట ఒక సెషన్ ఉంది.

వలయవాసి

ఇది విన్నాక ఒప్పుకోక తప్పదు. యుద్ధం తర్వాతి వందేళ్లు ఖాళీ చేస్తున్నాను, ముడులేమైనా మిగిలితే మతం వైపు కట్టుకుంటాను.

నీలినీడ

ఇంకొక్కటి. కథలో మరణశిక్ష ఉంది, పిల్లల్ని వదిలి వెళ్లడం ఉంది. కొందరికి అవి సొంత గాయాలు కావచ్చు. ఆటకి ముందు సెషన్ జీరో పెట్టి, ఏవి ఉండొచ్చు, ఏవి వద్దు, ఏవి తెర చాటున జరగాలి అన్నది మాట్లాడుకోండి. ఆటలో ఎక్స్ కార్డు ఉంచండి. ఎవరైనా అది చూపిస్తే, ఆన్‌లైన్‌లో అయితే ఆ అక్షరం టైప్ చేస్తే, ఆ ఘట్టం దాటేస్తాం, కారణం అడగం. పరిచయం లేని మనుషుల్ని పరిచయం లేని విశ్వంలోకి పిలుస్తున్నప్పుడు ఈ భరోసా పిలుపులోనే కనిపిస్తే వచ్చేవాళ్లు పెరుగుతారు. నా వరకు నేను మొదట చూసేది అదే.

పాచికలపెట్టె

ఇవన్నీ సరే, ఆట ఎప్పుడు?

వలయవాసి

వచ్చే శనివారం రాత్రి తొమ్మిదికి వాయిస్ కాల్‌లో. గురువారం అరగంట సెషన్ జీరో. ఎక్స్ కార్డు ఉంటుంది. ఉత్తరాలు నీలినీడ గారు చెప్పినట్టే, ప్రయాణానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి, రాతలో. అక్షరయాత్రి గారూ, మీరు శనివారం రాలేకపోయినా రేవులో ఉండిపోయిన మనిషిగా ఉత్తరాల్లో ఆడతారా?

కొత్తగావచ్చా గారూ, అతను నేరం చేశాడో లేదో నేను ఇంకా రాయలేదు. యంత్రాలు చూసే పాత్రకి ఇంజన్ల గురించి తెలియక్కర్లేదు, ఏది చెడిందో నేను చెప్తాను, దేన్ని ముందు బాగుచేయాలో మీరు చెప్తారు. గాలా, దీపాలా, వైద్యుడి గది తలుపా అన్నట్టు.

అక్షరయాత్రి

ఆడతాను. నేను ఆ వైద్యుడి భార్యని. మొదటి ఉత్తరం రేపు ఉదయానికి పెడతాను, పాచికలపెట్టె గారి క్యారెక్టర్ పేరు మీద. వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే వీధి.

పాచికలపెట్టె

ఒకే వీధి కాదు, ఒకే ఇల్లు. తను నా చెల్లెలు. నేను ఓడెక్కినప్పుడు తనకి తొమ్మిదేళ్లు.

కొత్తగావచ్చా

యంత్రాలు నేనే చూస్తాను. గురువారం ఎన్నింటికి?

వలయవాసి

ఎనిమిదింటికి. దూత పాత్ర ఒక్కటి ఇంకా ఖాళీగా ఉంది. ఓడ నడిపేది నీలినీడ గారు, ఆవిడ నాకు విడిగా మెసేజ్ పెట్టారు. తీర్పుని చేతిలో పట్టుకుని ఆ గుమ్మం ముందు నిలబడగలిగేవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.